పూత ఇంకా రాలేదు

డిసెంబరు, ఆగమనకాలం తొలి ఆదివారం.
అయ్యగారు ట్రాన్స్‌ఫరై పోయి రెండు నెల్లు.
పాస్టరమ్మ పెంచిన కరివేపాకు చెట్టును
ఇప్పుడు వీధి వీధంతా తుంచుకుంటా ఉండాది.
చర్చి తాళంచెవి మా ఇంట్లో,
బియ్యం డబ్బా మీద.
కొత్తాయన వస్తాడంట.
ఎప్పుడంటే
డయోసిస్ ఆఫీసు క్లర్కు కళ్లద్దాలు తుడుచుకుంటాడు.

ఊదారంగు కొవ్వొత్తులు మూడు, గులాబిది ఒకటి కావాలని
చిత్తూరు బజారువీధంతా తిరిగితిని.
"ఊదా యాడిదమ్మా, కరెంటు పోతే వెలిగించుకునే తెల్లవే ఉండాయి"
అన్నాడు అంగడి మౌలా.
అవే నాలుగు తీసుకుంటిని.
జ్ఞానాభరణం టైలరు కదా,
ఎవరిదో పెళ్లి చీరకు మిగిలిన ఊదా ఫాల్ ముక్క
మూడింటి నడుముకూ చుట్టి కుట్టింది.
గులాబిదానికి తన రవిక గుడ్డ.
మంట దిగితే గుడ్డ అంటుకుంటుందని
పిల్లోళ్ల వరసను ఒక అడుగు వెనక్కి జరిపితిమి.

ఆ దినం వాక్యం చదవాల్సింది నేనే.
కళ్లజోడు మరిచి,
పుస్తకం చేతులు చాపినంత దూరం పట్టుకుని చదివితిని.
నరికేసిన మొద్దు, దాన్నుంచి చిగురు.
గొంతు ఆడ ఆగిపోయింది.
దగ్గనుకుని సెల్వమణి నీళ్లు తెచ్చిచ్చింది.

మొద్దంటే నాకు తెలుసు.
గుడిపాల పక్క మా తోటలో
నూట పద్నాలుగు చెట్లకు తెల్ల పెయింటుతో నంబర్లేసి
ఆరు వరసల రోడ్డు కోసం
జూలైలో రంపం పెట్టినారు.
కాయ దింపేదాకా ఆగినారు, అంత మర్యాద.
బెంగళూరా చెట్టు పడేటప్పుడు
చప్పుడు ముందు రాదు,
ముందు కాకులు లేస్తాయి.
పరిహారం కాగితంలో మా ఆయన దేవనేసం పేరు
దేవనాథం అని పడింది.
అది దిద్దించే దానికి ఐదు నెల్లుగా
కలెక్టరాఫీసు మెట్ల మీద ఆయనా, ఆయన చెప్పులూ.
టౌన్లో, పాల డైరీ గోడ వెనక రెండు గదుల్లో ఉండాము.
పెట్టెలు రెండు ఇంకా విప్పలేదు.
విప్పితే ఇదే ఇల్లయిపోతుందని భయం.

రెండో ఆదివారం తుపాను వాన.
పదకొండు మందిమి.
నీవా ఏటి పక్క వాళ్లు రాలేకపోయినారు.
వత్తి తడిసి మూడు అగ్గిపుల్లలు తినింది.

పోయినేడు ఈ నెల్లో
తెల్లారక ముందే లేచి ఆయన
కొమ్మకొమ్మకూ టార్చి కొట్టేవాడు.
పూత మొగ్గా, ఆకు మొగ్గా?
మొదట్లో రెండూ ఒకే మాదిరి ఉంటాయి,
ఎర్రగా, బిరుసుగా.
వేలితో నొక్కకూడదు.
మంచు పడాలి, ఆపైన ఎండ కాయాలి,
చెట్టు తన లెక్క తాను చూసుకోవాలి.
ఆ నెల మా ఇంట్లో
ఎవరమూ గట్టిగా మాట్లాడేవాళ్లం కాదు.

ఇయ్యాల శనివారం, ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి పోతిని.
రోడ్డుకు పోసిన మట్టి అంచున
మొద్దులు ఇంకా పెరకలేదు.
నలభై ఏడో నంబరు, నా పెళ్లినాడు మా మామ నాటింది.
వంగి చూస్తిని. చుట్టూ తిరిగి చూస్తిని.
చిగురు లేదు.
జిగురుంది, ఎండి, తేనె రంగులో.
దాని మీద చీమలు బారుగా పోతా ఉండాయి,
ముందర వాటికి ఊరున్నట్టే.
రోలర్ నడిపే బీహారు పిల్లోడు
"ఏం పోయింది అమ్మా?" అన్నాడు వచ్చీరాని తెలుగులో.
"ఏం పోలా నాయినా, చూసి పోదామని."
వాడు తాగ్గా బాటిల్లో మిగిలిన నీళ్లు
ఎందుకో మొద్దు మీద పోసినాడు.

రేపు మూడోది, గులాబిది.
సంతోషం ఆదివారమంటారు.
గుడ్డ కొంచెం కిందికి లాగి కట్టాలి.
కాగితం కోసం ఆయన్ను మళ్లా సోమవారం రమ్మన్నారంట.
కొత్తయ్యగారి పేరు కూడా తెలీదు.
అయినా సాయంత్రం పోయి
ఆ ఖాళీ ఇల్లు ఊడ్చి,
కిటికీలు తీసి పెట్టి వస్తిని.

రాత్రి ఒక పెట్టె తాడు విప్పితిని.
పైనే ఉంది ఆయన టార్చి.
సెల్లు కారలేదు.
నొక్కితే వెలుగు
కొత్తింటి గోడ మీద గుండ్రంగా పడింది,
కొంచెం పసుపుగా.